పక్క ముక్క

అర్ధరాత్రి దాటాక ల్యాబ్‌లో ఇద్దరమే మిగిలాం. మైక్రోస్కోపు ముందు నేను, అవతలి గదిలో మా టెక్నీషియన్.

సాయంత్రం పోయిన పేషెంటు మెడగడ్డ ముక్కని చూస్తున్నాను. లింఫోమానే, అంటే లింఫు గ్రంథుల క్యాన్సరే. కానీ కణాల రకం తెలుసుకోడానికి వేసే రంగుల్లో, ఏ లింఫోమాకీ కలిసి పట్టని రెండు దీనికి పట్టాయి. కణాలు గుర్రపు నాడాల్లా వంగి ఉన్నాయి. జబ్బుకి పేరు పెట్టేలోపే అది మనిషిని మింగేసింది.

రంగు సరిగ్గా పడిందో లేదో పోల్చుకోడానికి అదే గాజు పలక మీద పక్కనే ఆరోగ్యమైన టాన్సిల్ ముక్క ఒకటి పెడతాం. అది మా టెక్నీషియన్‌దే. ఎప్పుడో ఆపరేషన్‌లో తీసింది, మైనపు దిమ్మలో దాచి రోజూ కాస్త కోసి వాడుతున్నాం. "జీతం అడక్కుండా చాకిరీ చేస్తోంది పాపం," అని తనే నవ్వుతుంటాడు.

అలవాటుగా పలక జరిపాను. టాన్సిల్లోనూ గుర్రపు నాడాలు!

అదే దిమ్మలోంచి నిన్న కోసిన ముక్క తీసి చూశాను. శుభ్రంగా ఉంది. పొద్దున కోసినదాంట్లో ఓ మూల నాలుగైదు నాడాలు. ఇప్పటిదాంట్లో సగానికి పైనే. మైనంలో ఉన్న ముక్కకి జబ్బేమిటి, నా మొహం!

అవతల నీళ్ళ సీసా మూత తీసిన చప్పుడు. ఒక గుటక వినపడింది. రెండోది సగంలో ఆగిపోయింది.

మెడ తడుముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా ముక్క బాగానే వచ్చిందా మేడమ్?" గొంతు బొంగురుపోయింది.

"ఎప్పట్లాగే," అన్నాను, కన్ను ఎత్తకుండా.

ఆ ఒక్క మాట అనేలోపే, ముక్కలో మిగిలిన కాస్త ఖాళీ కూడా నాడాలతో నిండిపోయింది.