పొడుగు బోల్టులు

పిల్లకు భయం. మా ఇంట్లో నా గురించి అందరిదీ ఇదే మాట. రొయ్యల మేత షెడ్డులో మూడేళ్లుగా ఒంటిసీటు విమానం కడుతున్నాను. ఎగరడానికి ధైర్యం చాలక వాషర్లు మార్చుకుంటూ కూర్చున్నానని వాళ్ల నమ్మకం.

రేపు తొలిసారి ఎగరాలి. ఈ పొద్దున రెక్కను పట్టుకుని ఊపితే, విమానానికి బిగించిన చోట కదిలింది. నిన్న కదల్లేదు.

వంగి చూశాను. అక్కడి నాలుగు బోల్టులూ నావి కావు, పొడుగైనవి.

"రాత్రి నేనే మార్చినా పాపా," అన్నాడు నా వెనకే వచ్చిన నాన్న. ఆయన రొయ్యల గుంటల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు బిగిస్తాడు. "నువ్వేసినవి మరీ పొట్టివి, ఊడొస్తే? వీటికి చూడు, స్పానర్ కూడా తిరగడంలా."

"బోల్టు మీద మర చుట్లు అయిపోతే నట్టు ఇంకెట్ల తిరగతాది నాన్నా? అది బోల్టు మీదే ఆగిపోయింది, రెక్కను నొక్కడంలా. ఆ సందు పూడ్చేదానికే వాషర్లు. మరీ పొడుగైతే వాషర్లు పెట్టేది కాదు, బోల్టే మార్చాల."

నాన్న రెక్క ఊపాడు. కదిలింది. నమ్మకం కుదరక మళ్లీ ఊపాడు.

"వారం నుంచి నాకు నిద్ర పట్టడంలా," అన్నాడు. "నువ్వు పడిపోతున్నట్టే కలొస్తా ఉండాది."

"మరి భయం నాకని ఊరంతా చెప్పినావే?"

"ఇంట్లో భయమైతే ఉండాది గదా. ఎవురిదో ఒకరిదని చెప్పాల."

రేపు ఎగరడం లేదు. ఈ నాలుగే కాదు, విమానంలోని బోల్టులన్నీ విప్పి చూసి, ఆ తర్వాత ఎగురుతాను. షెడ్డు తాళంచెవి ఇకమీదట నా దగ్గరే ఉంటుంది.