విడివిడి రేట్లు

“గుంపగుత్తగా చెప్పొద్దు బాబాయిగారూ. ఒక్కో స్తంభానికీ విడిగా రేటు రాసివ్వండి,” అందామె.

కాంట్రాక్టరుకి నవ్వొచ్చింది. రేటు తగ్గించుకోవడానికి వరస కలిపేవాళ్ళని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

ఆమె బట్టలు కుట్టించే చిన్న యూనిట్ నడుపుతోంది. ఊరి చివర ఈ పాత గోడౌన్ కొని నెల కూడా కాలేదు. పైకప్పు రేకులు ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. మిగిలినవి పన్నెండు స్తంభాలు, వాటి మధ్య నడుమెత్తు పిచ్చిమొక్కలు. స్తంభాలన్నిటినీ పునాదులతో సహా పెకలించాలంటుంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ గోడౌన్ కట్టింది అతనే. నిన్న ఫోన్లో ఆమె చోటు ఏదో చెప్పగానే, ఆలోచించుకుని చెప్తానని పెట్టేశాడు. రానని చెప్పెయ్యొచ్చు. కానీ తను రాకపోతే ఇంకొకడు వస్తాడు. ఆ ఇంకొకడు తొమ్మిదో స్తంభం కింద తవ్వితే తన పేరూ పరపతీ, రేపోమాపో సంతకాలు కావాల్సిన ఆసుపత్రి కాంట్రాక్టూ అన్నీ మట్టిలో కలుస్తాయి. అందుకే పొద్దున్నే టేపు జేబులో వేసుకుని వచ్చాడు.

ఆ గోడౌన్ అప్పట్లో గుత్త పని. గుత్త పనిలో మిగుల్చుకున్నదే లాభం. ఇనుములో కొంత మిగులుతుంది, సిమెంటులో కొంత మిగులుతుంది. అన్నిటికన్నా ఎక్కువ రోజుల్లో మిగులుతుంది. పని ఒక్క పూట ఆగితే ఆ పూట కూలి సొంత జేబులోంచి పోతుంది. ఎండకీ వానకీ దేనికీ పని ఆపని మనిషని అతనికి పేరు. ఆ పేరు చూసే జనం పనులిచ్చారు.

ఆమెని పక్కకి పిలిచి ఓపిగ్గా చెప్పాడు. ఖర్చు మీద కాంట్రాక్టరుకి ఇంత శాతం అంటే రోజూ వచ్చి కాపలా కాయాలి, యూనిట్ వదిలేసి ఆమె వల్ల అయ్యే పని కాదు. కొలతల లెక్క అంటే ప్రతిదానికీ పేచీ. గుత్త అయితే ఏ తలనొప్పీ ఉండదు. స్తంభాలని నేలమట్టానికి కోసేసి, పైన గచ్చు చేయించి, నెలలో తాళాలు చేతిలో పెడతానన్నాడు.

“మరి పునాదులో?”

“వాటి జోలికి పోవడం దేనికమ్మా? కింద ఉన్నది కిందే ఉంటుంది. మనల్నేం చేస్తుంది?”

 ఆమె తెల్లకాగితం, పెన్ను అతని చేతిలో పెట్టింది. స్తంభాల మీద అప్పటికే సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి.

ఇక తప్పలేదు. ఒకటో స్తంభం దగ్గర మొదలుపెట్టాడు. చుట్టుకొలత తీశాడు, కాగితం మీద రేటు వేశాడు. రెండు, మూడు, నాలుగు... అన్నిటికీ ఒకటే రేటు. అన్నీ ఒకే లావు, ఒకే లోతు. ఆమె రెండడుగుల దూరంలో వెంట నడుస్తోంది. స్తంభాల వంక చూడటం లేదు. అతని మొహమే చూస్తోంది. ఈవిడకి పని గురించి ఓనమాలు తెలియవనుకుని కొంచెం కుదుటపడ్డాడు.

ఎనిమిదో స్తంభం నుంచి నేరుగా పదో స్తంభానికి వెళ్ళాడు. పన్నెండూ అయ్యాక వెనక్కి వచ్చి, దూరంగానే నిలబడి, టేపు తీయకుండానే తొమ్మిది ఎదురుగా ఒక అంకె వేశాడు. మిగతావాటికి ఎనిమిది రెట్లు.

చేయడం ఇష్టంలేని పనిని ఏ కాంట్రాక్టరూ చేయనని చెప్పడు. రేటు పెంచేస్తాడు. వినగానే పార్టీ గుండె గుభేలుమని, తనంతట తనే వద్దంటుంది. ఈ చిట్కా అతనికి ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎదురు తిరగలేదు.

“దీనికి ఇంతెందుకు?” అంది ఆమె.

“అక్కడ మట్టి మంచిది కాదమ్మా. లోపల ఊట ఉంది. లోతుకి పోయేకొద్దీ పక్కలు విరుచుకుపడతాయి. మనుషులు పోతారు.”

“తవ్వకుండానే ఎలా తెలుసు?”

“కట్టినవాణ్ణి కదా, నాకు తెలీదా?”

కింద సంతకం పెట్టమంది. పెట్టాడు. బేరం తన దారికి వస్తోందనిపించి హుషారు పుట్టింది. ఆ ఒక్కటీ అలా వదిలేసి మిగతా పదకొండూ చేయిద్దామనీ, సొంత మనిషిలా అడుగుతోంది కాబట్టి రేటు కూడా తగ్గిస్తాననీ అన్నాడు.

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది. అంతకుముందు ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచి చూపించిందట. ముగ్గురూ పన్నెండింటికీ ఒకటే రేటు చెప్పారట. ఆ మాట ఆమె నింపాదిగా చెప్తుంటే, ఆ కాగితం ఒకసారి ఇమ్మని అతను చెయ్యి చాపాడు.

గేటు బయట తవ్వే యంత్రం వచ్చి ఆగింది. దాని వెనకే పోలీసు జీపు.

“ఆ పదకొండూ ఉండనివ్వండి,” అంది ఆమె. “ఈ స్థలం కొనడానికే నాకున్నదంతా ఊడ్చిపెట్టాను. ఒక్కటి మించి తవ్వించే స్తోమత లేదు. ఆ ఒక్కటి ఏదో తెలియకే మిమ్మల్ని పిలిపించాను.”

 ఎవరు నువ్వని అడిగాడు. 

“ఇక్కడ పునాది గుంతలు తవ్వే పనికి వచ్చి, వారం కూలి ముందే తీసుకుని ఎవత్తెతోనో పారిపోయాడని మా అమ్మకి చెప్పి పంపించారే, ఆయన కూతుర్ని.”