ఒంటరి వీరుడి రామ్యోన్

"పిన్నీ! ఇవాళైనా రామ్యోన్ ముద్ద కాకుండా తెస్తావా?"

మన్సిక్ కేకకి కొట్టులో అందరూ నవ్వారు.

"ఆగవోయ్, చెయ్యి ఖాళీ లేదు!" గల్లాపెట్టె దగ్గర కంప్యూటర్ వెనక నుంచి అరిచింది మల్సూన్ పిన్ని.

"సీరియల్లో ఎవరో ఏడుస్తున్నట్టున్నారు పాపం. ముందు వాళ్లని ఓదార్చు. మా నూడుల్స్ నానుతూనే ఉంటాయి."

మళ్లీ నవ్వులు. పిన్ని తెరమీంచి చూపు తిప్పలేదు.

కొరియాలోని మసాన్ ఊళ్లో, చేపల బజారు వెనక, మేడ మీద ఉంది ఆ కంప్యూటర్ ఆటల కొట్టు. మన్సిక్ పొద్దున్నే లారీలోంచి చేపల పెట్టెలు దింపి, మధ్యాహ్నానికల్లా వచ్చి గోడవారగా మూల సీట్లో కూలబడతాడు. ఏళ్ల తరబడి ఒకటే ఆట. ఒకటే కత్తి. అవే కోతలు.

"నల్లకొండ పామును ఒంటిచేత్తో చంపినవాణ్ణి! ఇంకో చేత్తో రామ్యోన్ తింటూ!"

అందులో అబద్ధం లేదు. పాము కాటేస్తున్నా అతను తింటూ కూర్చునేవాడు. ప్రాణం తరిగేది, మళ్లీ దానంతటదే నిండేది. అది తన ఒంటి తత్వం అనుకున్నాడు.

ఆ ఆటను ఆ రోజు నాలుగింటికి శాశ్వతంగా మూసేస్తున్నారు.

ఒంటరి వీరుడి ఆఖరి యుద్ధం చూద్దామని, పక్క సీటు హరిమ్ లేచి వచ్చింది. కాలేజీ పిల్ల. తెర చూసి నొసలు ముడిచింది.

"బాబాయ్, చివరి రోజు కదా, జనం ఏరీ?"

"ఏ జనం?"

"మిగతా ఆటగాళ్లు!"

"మిగతావాళ్లెవరు? ఆడేది నేనొక్కణ్ణే. అందుకేగా మూసేస్తున్నారు. ఒక్క మనిషి కోసం ఎన్నాళ్లని నడుపుతారు, పాపం?"

హరిమ్ అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అంటున్నాడు.

"బాబాయ్... ఇక్కడ 'ఇతరులను దాచు' అని ఉంది. దానికి టిక్కు పెట్టి ఉంది. ఎవరు పెట్టారు?"

కొత్తలో కంప్యూటర్ నత్తలా నడుస్తుంటే ఎవరో వచ్చి ఏదో నొక్కి వెళ్లారు. వేగం వచ్చింది. నొక్కింది ఏమిటని మన్సిక్ అడగలేదు. తెలియదని ఒకర్ని అడగడం అతనికి పెద్ద నామోషీ.

హరిమ్ టిక్కు తీసేసింది.

ఖాళీ మైదానం ఒక్కసారిగా తిరునాళ్లయింది. ఎక్కడ చూసినా మనుషులే. గుర్రాలమీద కొందరు, చెట్లమీద కొందరు. తెర నిండా మాటలు.

"చెవిటి వీరుడు వచ్చాడోయ్!"

"ఇన్నేళ్లూ పలకరించాం. ఒక్కసారైనా పలికాడా?"

"దొరా, నా కాలిమీంచి కాస్త దిగు!"

మన్సిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఎందరిని తోసుకుంటూ పోయాడో! ఎవరెవరి వేట లాక్కున్నాడో! చెవులు ఎర్రబడ్డాయి. కొట్టులో వాళ్లు వింటారేమోనని గొంతు తగ్గించాడు.

"నా వెనక నిలబడ్డ ఈవిడెవరు?"

అతుకుల లంగా కట్టుకున్న బొమ్మ. తలమీద పేరు: ఉల్లికాడ. ఆమె చేతుల్లోంచి పచ్చటి వెలుగు వచ్చి అతని ఒంట్లోకి పోతోంది.

"వైద్యురాలు బాబాయ్. నీకు దెబ్బ తగిలినప్పుడల్లా ప్రాణం పోస్తోంది."

"నాకు ప్రాణం దానంతటదే..."

"దానంతటదే ఎవరికీ రాదు బాబాయ్."

మన్సిక్‌కి గెలిచిన యుద్ధాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కొక్కటే చేజారిపోయాయి.

ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"ఎప్పటినుంచి ఉన్నావు?"

జవాబు టకటకా వచ్చింది. "మొదటి ఊళ్లో బాతు నిన్ను పొడిచి చంపబోయిన రోజు నుంచి."

హరిమ్‌కి నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఒంటరిగా గెలిచానని చెప్పుకోవడం నీకెంత ఇష్టమో తెలుసు. చెడగొట్టబుద్ధి కాలేదు."

గోడ గడియారం నాలుగుకు దగ్గరపడింది. ఈ మనిషికి ఒక్క మాట చెప్పాలి. ఒక్కటంటే ఒక్కటి. మళ్లీ అక్షరాలు వెతుక్కున్నాడు.

"నువ్వు ఎవరివో తెలీదు కానీ నన్ను క్షమిం"

తెర నల్లబడింది.

"వెళ్లిందా? నా మాట వెళ్లిందా?"

"లేదు బాబాయ్. పంపలేదుగా నువ్వు."

"ఎక్కడుంటుందో ఎలా కనుక్కోవాలి?"

"ఇక కుదరదు. ఆటే లేదుగా."

మన్సిక్ తలవంచుకు కూర్చున్నాడు. హరిమ్ చప్పుడు చెయ్యకుండా తన సీటుకి వెళ్లిపోయింది. ఆమె వైపు చూడ్డానికి కూడా అతనికి ముఖం చెల్లలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఇన్నేళ్లు వెన్ను కాస్తే, తను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసినవాడు కాదు.

కాసేపటికి బల్లమీద గిన్నె పెట్టిన చప్పుడయింది. ముద్ద అయిందని వేళాకోళం చేసే ఓపిక ఇవాళ లేదు. తినే పుల్లలతో ఊరికే ఎత్తాడు.

నూడుల్స్ జారిపోయాయి. విడివిడిగా, బిరుసుగా ఉన్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి.

తలెత్తాడు. గల్లాపెట్టె దగ్గర కంప్యూటర్ తెర కూడా నల్లగా ఉంది.

మల్సూన్ పిన్ని గుప్పెడు ఉల్లికాడ తరుగు గిన్నెలో చల్లి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"తిను నాయనా. ఇక నుంచి ముద్ద కాదులే, నా చేతులు ఖాళీయేగా."