గడియ లేని తలుపు

“మా అమ్మదీ నీదీ ఒకే గ్రూపు. లేచి వెళ్ళి రక్తం ఇవ్వడానికి ముహూర్తం చూడాలా?” అంది ఆడపడుచు.

ఆసుపత్రి మంచం మీద అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. తెల్లారితే ఆపరేషన్. కోడలు లేచింది గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఫిట్స్ సంగతి దాచిపెట్టి పుట్టింటివాళ్ళు చేసిన పెళ్ళి తనది. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. బిళ్ళలు కుట్టుమిషను సొరుగులో దాచి, రోజూ దొంగలా మింగుతోంది. అసలే అత్తగారు గయ్యాళి. తొమ్మిదయితే చాలు, టీవీ కట్టేసి పడుకోమంటుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే స్నానాల గది గడియ ఊడిపోతే, “నిన్నెవరు చూస్తార్లే” అని ఇప్పటికీ వడ్రంగిని పిలవనివ్వదు. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలని గొంతెత్తి పాడుకుంటూ స్నానం చేయాల్సిన ఖర్మ. అలాంటావిడకి ఈ సంగతి తెలిస్తే ఇంకేమైనా ఉందా?

రక్తం తీసే గదిలో నర్సుకి మాత్రం నిజం చెప్పేసింది. ఆ బిళ్ళలు వాడేవాళ్ళ రక్తం అక్కడ తీసుకోరని, అది ఆమె మంచికేనని నర్సు చెప్పింది. అదే గ్రూపు మనిషిని ఇంకొకరిని పిలిపిస్తానంది. కోడలి మొహం చూసి గొంతు తగ్గించింది. “బయట మీకే రక్తం తక్కువగా ఉందని చెప్పనా?”

కోడలు గబగబా తలూపింది.

ఆ మాట చెవిన పడగానే ఆడపడుచు అగ్గి మీద గుగ్గిలమైంది. అయితే కోడలి మీద కాదు, కన్నతల్లి మీద. పరాయి పిల్లకి కడుపునిండా పెట్టలేదా, నలుగురూ ఏమనుకుంటారని నిలదీసింది. అత్తగారు మారుమాట్లాడకుండా ఆ నింద మోసింది.

గయ్యాళే గానీ, వేళకి కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించే మనిషి ఆవిడ. కోడలు ఇక తట్టుకోలేకపోయింది.

“అత్తయ్యా, నాకు రక్తం తక్కువ లేదు. ఫిట్స్ ఉన్నాయి. బిళ్ళలు వాడుతున్నానని తీసుకోలేదు. మీ దగ్గర దాచాం.”

అత్తగారు మెల్లగా కళ్ళు తెరిచి కోడలి చెయ్యి అందుకుంది. “నాకు తెలుసే. పెళ్ళయిన నెలకే, బొత్తాం కోసం వెతుకుతుంటే సొరుగులో కనిపించాయి.”

ఇన్నాళ్ళూ ఒక్క మాట అనకుండా కడుపులో పెట్టుకుంది. కోడలు ఏడుస్తూ ఆ చేతినే కళ్ళకద్దుకుంది.

“ఏడుపాపు. ఇంటికెళ్ళాక వడ్రంగిని మాత్రం పిలవకు,” అంది అత్తగారు. “ఆ గడియ దానంతటది ఊడలేదు. లోపల నువ్వు పడిపోతే తలుపెవరు తీస్తారని నేనే పీకేశాను.”