కిటికీలో లైటు

అప్పటికి ఇంటింటికీ పనియంత్రం వచ్చేసింది. యజమాని అనుమతిచ్చిన పనులు తప్ప అది మరేమీ చేయజాలదు. వీరభద్రం తాగొచ్చి భార్య సుగుణ మీద చెయ్యెత్తిన రోజు అది పక్కింటికి కబురు పెట్టింది. ఆ కచ్చతో అతను ఫోను చేయడం, తలుపు తీయడం, మాట్లాడటం, అన్ని అనుమతులూ పీకేసి, లైట్లు వేసి ఆర్పే అనుమతి ఒక్కటే దానికి మిగిల్చాడు.

ఇవాళ వీరభద్రం తను పనిచేసే షెడ్డు నుంచి వచ్చేసరికి తలుపు విరిగి ఉంది. సుగుణ కాలికి కట్టుతో పడుకుని ఉంది. పక్కింటి మీరాబీ ఆమెకు టీ పట్టిస్తోంది.

"బాత్రూంలో జారిపడింది అన్నా. పట్టపగలు మీ కిటికీలో లైటు ఆరతా వెలగతా ఉంటే, నువ్వే తాగి ఆడుకుంటున్నావనుకున్నా. ఎంతకీ ఆగకపోతే మా ఆయన తలుపు పగలగొట్టాడు. మీ యంత్రానికి ఇప్పుడు ఫోను లేదా?"

"పాడైందిలే అక్కా," అంది సుగుణ, గోడవైపు తిరిగి.

వీరభద్రం తల దించుకుని వెళ్ళి, కబురు పెట్టే అనుమతి యంత్రానికి తిరిగిచ్చాడు. మరుక్షణం మీరాబీ ఫోను మోగింది. ఇన్నాళ్ళూ బయటికి పోకుండా ఆగిపోయిన కబుర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి.

"'సుగుణమ్మను కొడుతున్నాడు, రండి,'" అని మొదటిది పైకి చదివింది మీరాబీ. మిగతావి చదవలేదు. ఫోను ఒళ్ళో బోర్లించి, అతనివైపు చూడకుండా, సుగుణకు మళ్ళీ టీ అందించింది.