వేలిముద్ర వేసిన సాక్షి

"నా వెనకాలే ఎందుకు తిరుగుతున్నావు? మా మామ పంపాడా?"

కోర్టు మెట్ల మీద ఇన్‌షిరాహ్ అరిచిన అరుపుకు టీ అమ్మేవాడు కూడా ఉలిక్కిపడ్డాడు.

ముసలాయన బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు. మాసిన పొడుగు గలాబియా చొక్కా, పగిలిన మడమలు. ఊరంతా అతన్ని అబూ దియాబ్ అంటుంది. ఆమె మేనమామ హాజీ ఖల్లాఫ్ పొలం కౌలుకు చేసుకుంటాడు. హాజీ కోర్టుకు వస్తే సంచి మోసుకుంటూ వెనకే వస్తాడు.

"నన్నేమైనా అడుగుతావేమోనని, తల్లీ..."

"ఏమడగాలి? హాజీగారి కాళ్ళు రోజుకు ఎన్నిసార్లు పిసుకుతావనా?"

"అడక్కుండా నోరు విప్పకూడదని మా పెద్దలు చెప్పారమ్మా."

"విప్పకు! పో ఇక్కణ్ణుంచి!"

ఒళ్ళు మండదా మరి? తాత పోయేముందు రెండు ఫద్దాన్ల చెరకు నేల కూతురికి, అంటే ఇన్‌షిరాహ్ తల్లికి, వీలునామా రాశాడు. హాజీ ఆ కాగితాన్ని మాయం చేశాడు. ఆడదానికి నేలిస్తే పరాయింటికి పోతుందట! ఇరవై ఏళ్ళు సొంత చెల్లెల్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆమె ఆ దిగులుతోనే కన్నుమూసింది.

పాత రిజిస్టరులో ఒక్క ముక్క మాత్రం మిగిలింది. సాక్షులు ఇద్దరు. ముద్ర వేసిన షేకు ఎప్పుడో పోయాడు. వేలిముద్ర వేసింది మహ్రాన్ కొడుకు బఖీత్.

"అతన్ని తీసుకురా, నీ నేల నీకొస్తుంది," అన్నాడు జడ్జి.

"బఖీతా? వాడు సైన్యంలోకెళ్ళి కాలవ యుద్ధంలోనే పోయాడుగా!" అని హాజీ పకపకా నవ్వాడు.

ఇన్‌షిరాహ్ నమ్మలేదు. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. కుర్రవాళ్ళు తెలియదన్నారు. పెద్దవాళ్ళు హాజీకి భయపడి తలుపులేసుకున్నారు. పిరికి ఊరు!

కేసు కొట్టేశారు.

పై నెలలో హాజీ కబురు పెట్టాడు. "వచ్చి రద్వా తీసుకెళ్ళు."

నేల అడిగిన ఆడవాళ్ళ నోరు మూయించడానికి పడేసే బుజ్జగింపుకు ఆ ఊళ్ళో పేరు అది.

ఇన్‌షిరాహ్ వెళ్ళింది. తీసుకోవడానికి కాదు. వాకిట్లో పెట్టిన గోధుమ బస్తాను కాలితో తన్నింది.

"నీ ఎంగిలి నువ్వే తిను మామా! మా అమ్మ ఉసురు నీకు తగలకపోదు!"

"ఆడపిల్లకు ఇంత పొగరా?"

"పొగరు కాదు, కడుపుమంట!"

విసవిసా నడిచి సందు మలుపు తిరిగేసరికి మసీదు మైకు గరగరమంది.

"అల్లా సన్నిధికి చేరినవారు... మహ్రాన్ కొడుకు బఖీత్. మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా."

ఇన్‌షిరాహ్ పక్కింటి వైపు పరుగెత్తింది.

అరుగు మీద రొట్టెపిండి పొంగాలని ఎండకు పెడుతున్న ముసలమ్మ భుజం పట్టి కుదిపింది.

"ఎవరవ్వా ఈ బఖీత్? ఇన్నాళ్ళూ ఊళ్ళోనే ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడే పిచ్చిదానా?" ముసలమ్మ కళ్ళొత్తుకుంది. "కొడుకు దియాబ్ పుట్టాక 'దియాబ్ నాన్న' అనడమే తప్ప ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు గానీ, మన అబూ దియాబే కదమ్మా."