రెండో డాక్టరు

ఎవరూ అడగకముందే ఆమె జాకెట్టు చెయ్యి పైకి లాగి, బల్ల మీద చెయ్యి చాపి కూర్చుంది.

పెద్ద డాక్టరుగారికి అది నచ్చలేదు. ఆయన గదిలో ఆయన చెప్పకుండా కుర్చీ కూడా కదలకూడదు.

"బాగా అలవాటున్నట్టుందే!" అన్నాడు.

పక్కన నిలబడ్డ జూనియర్లిద్దరూ నవ్వారు. ఆయన మాటకు నవ్వకపోతే అక్కడ వాళ్ళకు పూట గడవదు.

నర్సు బీపీ చూసి అంకె చెప్పింది.

"కొంచెం ఎక్కువే. ఎనిమిదో నెలలో ఆమాత్రం ఉంటుంది. ఇంకేంటి?"

"పొద్దున క్లినిక్‌లో చూస్తే ఇంకా చాలా ఎక్కువుందండీ. తలనొప్పి తగ్గట్లేదు. కళ్ళముందు మెరుపుల్లా వస్తున్నాయి."

"ఏ క్లినిక్?"

"మా వీధిలోదండీ. ఒక నెల అక్కడ, ఒక నెల ఇక్కడ చూపించుకోమన్నారు కదా."

ఆయనకు ఒళ్ళు మండేది అక్కడే. కడుపుతో ఉన్నవాళ్ళను వీధి డాక్టర్లూ, ఆస్పత్రీ కలిసి చూడాలని కొత్తగా పెట్టిన పద్ధతి అది. సొంత తమ్ముడితో ప్రహరీగోడ పంచుకోవడానికే ఒప్పుకోని మనిషి ఆయన.

"అక్కడెవరు చూస్తారు నిన్ను? ఆ దగ్గూ జలుబు డాక్టరా?"

ఆమె జాకెట్టు చెయ్యి కిందికి దించుకుంది.

"అక్కడున్నది ఒక్క డాక్టరేనండీ."

"ఆ ఒక్కరికీ బీపీ చూడ్డం వచ్చా?"

మళ్ళీ నవ్వులు.

"అది కాదు బాబూ, మా కోడలు..." అనబోయింది వెనక నిలబడ్డ అత్తగారు. కోడలు తల తిప్పకుండానే అత్తగారి చెయ్యి పట్టుకుని నొక్కింది.

కిందటిసారి ఆమెకు ముందు వంతు ఒక కాలేజీ లెక్చరరుది. పాపం, ఎక్కడో చదివొచ్చి ఏదో సందేహం అడిగింది. "మీ తెలివితేటలు చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలి రండి" అని ఆయన అరిచిన అరుపు వరండా చివరిదాకా వినిపించింది. ఆ లెక్చరరు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది.

"ఒక్కరోజు ఇక్కడ ఉంచుకుంటారా సార్? భయంగా ఉంది."

అడుగుతూ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"భయానికి కూడా మంచం ఇస్తే సగం ఊరు ఇక్కడే పడుకుంటుంది. ఆ భయం పెట్టిందెవరు? మీ డాక్టరేగా! వాళ్ళకు చేతకానివన్నీ తెచ్చి నా నెత్తిన రుద్దుతారు. వెళ్ళి చెప్పు, మిషనైనా మార్చమను, లేకపోతే క్లినిక్ మూసి ఇంకేదన్నా పని చూసుకోమను."

జూనియర్లలో అమ్మాయి ఈసారి నవ్వలేదు.

"సార్, యూరిన్ ఒకసారి..."

ఆయన చూసిన చూపుకి మిగతా మాట మింగేసింది.

"అలాగేనండీ" అని ఆమె మెల్లగా లేచింది.

గుమ్మం దాటాక అత్తగారు కోప్పడింది. "నోరు పెగల్లేదేమే నీకు? ఊరికే పడతావేం అన్ని మాటలు?"

"ఎన్ని వేల కాన్పులు చేశారో ఆయన. నాకెందుకో భయమేసిందిగానీ, ఆయనకు తెలీదంటారా అత్తయ్యా?"

అలా అందేగానీ, ఆటో దాకా గోడ పట్టుకునే నడిచింది.

మర్నాడు పొద్దున ఆమెను ఫిట్స్‌తో మోసుకొచ్చారు. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు.

పెద్ద డాక్టరుగారు ఆ అత్తగారి మొహం చూడలేదు. వెనక తలుపు గుండా తన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

పోయినామె గురించి కాదు ఆయన బెంగ. మధ్యాహ్నం సూపరింటెండెంటు సంజాయిషీ అడుగుతాడు. మెడ మీద చెమట తుడుచుకుంటూ ఉంటే దారి కనిపించింది. రెండు చోట్ల చూసిన కేసు ఇది. తప్పు ఆ రెండో చోట జరిగిందంటే సరిపోతుంది.

నంబరు కనుక్కుని క్లినిక్‌కి ఫోన్ చేశాడు.

ఎవరో ముసలాయన ఎత్తాడు.

"ఇవాళ క్లినిక్ లేదండీ. నేను కాంపౌండర్ని."

"నేను పెద్దాసుపత్రి నుంచి. మీ డాక్టర్ని పిలు."

"లేరండీ."

"అప్పుడే దాక్కున్నాడన్నమాట! జబ్బు అంత ముదిరేదాకా చేతులు కట్టుకు కూర్చుని, చివర్లో నా మీదకు తోస్తాడా? ఒక మనిషి ప్రాణం పోయిందయ్యా! లైసెన్సు రద్దు చేయిస్తాను. ఏ కలుగులో ఉన్నా సరే, ఇప్పుడే వచ్చి నాకు జవాబు చెప్పమను."

ఫోన్‌లో వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది.

"మా డాక్టరమ్మ ఎక్కడా దాక్కోలేదండీ" అన్నాడు కాంపౌండరు. "తన ఒంటికి తనే వైద్యం చేసుకోకూడదని మీ దగ్గరికొచ్చారు, మీ మాట నమ్మి నిన్న ఇంటికొచ్చేశారు, ఇప్పుడు మీ మార్చురీలోనే ఉన్నారు."